హబ్ మోటార్ బండి తయారు చేస్తున్నారా? మోటార్ ఆఖర్న కొనండి

3000 వాట్ల హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండి దాన్ని తిప్పే మోటార్), 72 వోల్టుల బ్యాటరీ, ఇంట్లో పడున్న పాత సైకిల్ ఫ్రేమ్. ఇలాంటి బండి చేద్దామనుకునే కుర్రాళ్ళు దాదాపు అందరూ ముందు మోటార్ ఆర్డర్ పెడతారు. చేతిలో డబ్బులు సగం అక్కడే అయిపోతాయి, ఇక బ్యాటరీ దగ్గర కక్కుర్తి, బ్రేకుల దగ్గర ఇంకా కక్కుర్తి. ఈ వరస మొత్తం తిరగేయాలి. మోటార్ మహా అయితే కాలిపోయి కంపు కొడుతుంది, ప్రాణం మీదికి తెచ్చేది మిగతా సామానే. ఎండాకాలం సెలవుల్లో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇప్పుడే చెప్తున్నా.

చట్టం సంగతి తేల్చేద్దాం. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండికే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. దాటిందంటే అది మోటారు వాహనమే, నంబరు, ఇన్సూరెన్స్, లైసెన్స్, హెల్మెట్ అన్నీ ఉండాలి. ఇంట్లో చేసిన బండికి టైప్ అప్రూవల్ (మోడల్‌ని పరీక్షించి ఇచ్చే అనుమతి) ఉండదు, అది లేకుండా ఆర్టీఏలో నంబరు రాదు. మోటార్ మీద 250 అని స్టిక్కర్ అంటించే తెలివితేటలు ఎవరినైనా గుద్దిన రోజు పనికిరావు, నష్టపరిహారం మొత్తం మీ జేబులోంచే పోతుంది. కాబట్టి సొంత పొలమో, గేటున్న ప్రైవేటు స్థలమో చూసుకున్నాకే మిగతా ఆలోచన.

ఇప్పుడు ఫ్రేమ్. హబ్ మోటార్‌లో యాక్సిల్ తిరగదు, చక్రమే తిరుగుతుంది. చక్రం ఎంత బలంగా ముందుకు పోతుందో అంత బలంగా యాక్సిల్ వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది. ఆ మెలిక ఆపేది యాక్సిల్‌కి రెండు పక్కలా చెక్కిన, 10 మిల్లీమీటర్ల దూరంలో ఉండే చదును భాగాలే. 100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అనుకుంటే ఆ కాస్త చోట పడే ఒత్తిడి దాదాపు టన్ను బరువుకి సమానం. తొక్కుడు సైకిల్ డ్రాపవుట్ (ఫ్రేమ్‌లో యాక్సిల్ కూర్చునే గాడి) దానికోసం చేసింది కాదు. స్టీల్ అయితే ముందు సాగుతుంది, మీకు తెలిసే అవకాశం ఉంది, అల్యూమినియం మాత్రం చెప్పాపెట్టకుండా పగులుతుంది. యాక్సిల్ ఒక్కసారి తిరిగితే వైర్లు మెలిపడి తెగుతాయి, చక్రం ఊడి రావచ్చు. అందుకే స్టీల్ ఫ్రేమ్, రెండు పక్కలా కనీసం 6 మిల్లీమీటర్ల మందం స్టీల్ టార్క్ ఆర్మ్‌లు (యాక్సిల్ తిరగకుండా పట్టి ఉంచే, ఫ్రేమ్‌కి బిగించే పట్టీలు) కావాలి. వాటిని లేత్ షాపులోనో లేజర్ కటింగ్‌లోనో యాక్సిల్‌కి బిర్రుగా పట్టేలా చేయించండి, కాస్త లూజున్నా రీజెన్ బ్రేకింగ్ (మోటార్‌తోనే బండిని ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) ముందుకీ వెనక్కీ ఊపి ఊపి నట్టు వదులు చేసేస్తుంది. ఇంత పెద్ద మోటార్‌ని ముందు ఫోర్కుకి, అందులోనూ సస్పెన్షన్ ఫోర్కుకి, అసలు పెట్టొద్దు.

బ్యాటరీ దగ్గర మాత్రం నిదానంగా చదవండి. 72 వోల్టుల ప్యాక్ అంటే 20 సెల్స్ సిరీస్, చార్జ్ నిండితే 84 వోల్టులు. డీసీలో 60 దాటితే ముట్టుకోవడం ప్రమాదం కింద లెక్క. ఉంగరం, వాచీ, మెళ్ళో గొలుసు తీసేసి కూర్చోండి, స్పానర్లకి టేపు చుట్టండి. మోటార్‌కి కరెంటు పంపే కంట్రోలర్ 80 ఆంప్స్ లాగితే, 10 సెల్స్ ప్యారలల్ పెట్టుకున్నా ఒక్కో సెల్ మీద 8 ఆంప్స్ పడుతుంది, పాత లాప్‌టాప్‌ల నుంచి పీకి కొత్త స్లీవ్ తొడిగి అమ్మే సెల్స్ అంత లోడుకి చేసినవి కావు. సెల్స్‌ని కలిపే నికెల్ స్ట్రిప్ కూడా అంతే, నికెల్ పూత పూసిన ఇనుము చాలా అమ్ముతున్నారు. ఒక ముక్క గీకి రాత్రంతా ఉప్పునీళ్ళలో వేయండి, తుప్పు పడితే అది ఇనుమే. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు, స్పాట్ వెల్డింగే చేయించండి. పవర్ తగ్గుతోందని బీఎంఎస్‌ని (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) తప్పించి వైరు లాగేవాళ్ళున్నారు, వాళ్ళ పక్కన బండి కూడా పార్క్ చేయను నేను.

ఇంట్లో కరెంటు బోర్డులో ఉండే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఈ బండికి పెట్టకండి, అది ఏసీ కరెంటుకి చేసింది. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరుతుంది, డీసీలో ఆ వెసులుబాటు లేదు, లోపల మండుతూనే ఉండొచ్చు. మీ వోల్టేజీకి సరిపడే డీసీ ఫ్యూజు, అదీ బ్యాటరీకి వీలైనంత దగ్గరలో పెట్టాలి. కనెక్టర్ కలపగానే టప్‌మని మెరుపొస్తుంది, కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల. ఎక్స్‌టీ90-ఎస్ లాంటి యాంటీ స్పార్క్ కనెక్టర్ తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

చార్జింగ్. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలొస్తే, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది పోయారు. కంపెనీలు చేసిన బండ్లున్న చోటే ఇలా జరిగింది, మనం టేబుల్ మీద కట్టిన ప్యాక్ సంగతి వేరే చెప్పాలా. చాలా లిథియం సెల్స్‌కి చార్జింగ్ పరిమితి 45 డిగ్రీలు, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గాలే అంత వేడిగా ఉంటుంది. ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే చార్జర్ గుచ్చకండి. పొద్దున్నే, మీరు మెలకువగా ఉన్నప్పుడు, గుమ్మానికీ మెట్లకీ దూరంగా పెట్టండి. ప్యాక్ ఉబ్బినా, తియ్యటి వాసనొచ్చినా, బుసబుసమన్నా ఇంట్లో వాళ్ళందర్నీ తీసుకుని బయటికి పరుగెత్తి 101కి ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చకూడదు. మంటలార్పే చిన్న సిలిండర్‌తో మంట ఆరినట్టే ఉంటుంది, సెల్స్ లోపలి వేడి తగ్గదు కాబట్టి మళ్ళీ అంటుకుంటుంది, దాన్ని చల్లార్చాలంటే చాలా నీళ్ళు కావాలి.

బ్రేకుల గురించి ఒక్క లెక్క చాలు. 25 వేగం నుంచి 70కి వెళ్తే ఆపాల్సిన శక్తి దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. రబ్బరు బ్రేకులు దీనికి ఆనవు, రెండు చక్రాలకీ 203 మిల్లీమీటర్ల హైడ్రాలిక్ డిస్కులు వేయించండి, లివర్ నొక్కగానే మోటార్ ఆగే కటాఫ్ స్విచ్ పెట్టండి. రీజెన్‌ని బ్రేకుగా లెక్కేసుకోవద్దు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది పనిచేయకపోవచ్చు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు చక్రం నేలకి తగలకుండా స్టాండ్ మీద ఉండాలి. త్రాటిల్‌కి (వేగం పెంచే పిడి) వెళ్ళే నెగెటివ్ వైరు తెగితే సిగ్నల్ పైకెళ్ళి కొన్ని కంట్రోలర్లు ఫుల్ త్రాటిల్ అనుకుంటాయి. స్టాండ్ మీద చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఆ వైరు కావాలనే పీకి చూడండి, మోటార్ ఆగాలి. ఆగకుండా వేగం అందుకుంటే మెయిన్ స్విచ్ కట్టేసి, ఆ కంట్రోలర్ వెనక్కి పంపేయండి.