పాత మారుతి 800 ఇంజను పని: కొలత ముందు, కొనడం తర్వాత

పాత కారు ఇంజను పనిలో డబ్బు ఎక్కువగా దండగయ్యేది హెడ్డు (ఇంజను పైభాగం) విప్పకముందే పార్టుల సెట్టు కొనేసినప్పుడు. శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా కౌంటరు దగ్గర మొదట అడిగేది "స్టాండర్డా, ఓవర్ సైజా?" అనే, అంటే కంపెనీ అసలు సైజా, అరిగిన బోరు తీయించాక పట్టే పెద్ద సైజా అని. దానికి జవాబు చెప్పాల్సింది లేత్ షాపు మైక్రోమీటరు.

ఇంకో మాట. 800 అంటే ఒకే ఇంజను కాదు. కార్బురేటర్‌తో వచ్చిన 6 వాల్వులది వేరు, 2000 ప్రాంతంలో కొన్ని మోడళ్లలో వచ్చిన 12 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్నది) వేరు. రెండూ 796 సీసీయే, అయినా హెడ్డు ప్యాకింగు (హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య గ్యాస్కెట్), వాల్వులు ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. ఆర్సీలో సంవత్సరం ఒక్కటే నమ్ముకోవద్దు, మధ్యలో ఎవరైనా ఇంజను మార్చి ఉండొచ్చు. విప్పిన పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి.

నీలం పొగ, ఆయిల్ తగ్గడం

పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. పొద్దున్న స్టార్టు చేయగానే ఒక్క గుప్పుమని ఆగిపోయినా, సాలూరు ఘాటులో గేరు మీద దిగి వచ్చాక యాక్సిలరేటర్ తొక్కగానే గుప్పుమన్నా ముందు వాల్వు సీళ్లను అనుమానించండి. ఎక్కేటప్పుడు, లోడు మీద ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ).

తేల్చుకోవడానికి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో గేజ్ పెట్టి చూడాలి. బ్యాటరీ ఫుల్లుగా ఉండాలి. ఇంజను వేడెక్కాక కాయిల్ కనెక్షన్ తీసేసి, మూడు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి అయిదారు చుట్లు తిప్పండి. రీడింగు తక్కువున్న సిలిండర్‌లో ఒక చెంచా, అంటే 5 మి.లీ. ఇంజను ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగు బాగా పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు లేదా ప్యాకింగు. పక్కపక్క రెండు సిలిండర్లూ ఒకేలా పడిపోతే వాటి మధ్య ప్యాకింగు కాలిందని అనుమానించాలి.

రింగులని తేలాక "రింగులొక్కటే మార్చేద్దాం" అనే సలహా వస్తుంది. బోరు పైఅంచు దగ్గర గోరు పెట్టి చూడండి. మెట్టులా తగిలితే ఆ మాట వినొద్దు. పాత పై రింగు ఎక్కడ ఆగేదో అక్కడే ఆ మెట్టు పడుతుంది. పదునైన అంచున్న కొత్త రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది.

బోరు అసలు సైజు 68.5 మి.మీ. పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. బోరింగు చేయాల్సి వస్తే 0.25, చాలకపోతే 0.50 మి.మీ. ఓవర్ సైజు. పాత మేస్త్రీలు వీటినే పది థౌ, ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అంటారు. ఒక్క సిలిండర్ అరిగినా మూడూ ఒకే సైజుకి తీయించాలి. పిస్టన్లు ముందు తెచ్చి లేత్ వాళ్ల చేతికిస్తే వాటిని కొలిచి దానికి సరిపడా బోరు తీస్తారు. ఖాళీ బ్లాకు ఇచ్చి "పావు ఓవర్‌కి తీయండి" అంటే పిస్టన్‌కీ బోరుకీ మధ్య గ్యాపు అదృష్టం మీద పడుతుంది.

రింగును బోరులో పెట్టి పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) రింగు చివరల మధ్య సందు చూడండి. ఈ బోరుకి 0.20 నుంచి 0.30 మి.మీ. ఉంటే నిశ్చింత. రింగు మీద గుర్తు ఉన్న వైపు పైకి రావాలి. పిస్టన్ మీది బాణం క్రాంక్ పుల్లీ వైపు ఉండాలి.

నీళ్లు తగ్గడం, తెల్ల పొగ, టెంపరేచర్ సూది పైకెక్కడం

డిప్‌స్టిక్‌కి ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో అంటితే ముందు హెడ్డు ప్యాకింగునే అనుమానించండి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే ఆ రంగుంటే కంగారు పడొద్దు, చలికాలంలో దగ్గర తిరుగుళ్లకి చెమ్మ పట్టి కూడా వస్తుంది.

ప్యాకింగు మార్చి ఊరుకుంటే కొన్నాళ్లకి మళ్లీ అదే పని. అది కాలింది ఎందుకు? ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. హెడ్డు మీద నిటారు పట్టీ ఆనించి ఫీలర్ గేజ్ పెట్టండి. 0.05 మి.మీ. దాటి వంగి ఉంటే సర్ఫేసింగు (మెషిన్ మీద చదును చేయించడం) తప్పదు.

ఎండాకాలం థర్మోస్టాట్ పీకేసే అలవాటు మన దగ్గర ఉంది. అది పొరపాటు. ఇంజను చల్లగా తిరిగి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బోరు తొందరగా అరుగుతుంది. పాతదాన్ని నీళ్లలో వేడిచేసి, దాని మీద చెక్కిన డిగ్రీ దగ్గర తెరుచుకోకపోతే మార్చండి.

కింద టకటక, ఆయిల్ లైటు మినుకుమినుకు

ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడండి. ఏది తీసినప్పుడు చప్పుడు తగ్గుతుందో ఆ కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగింది. ఆయిల్ పంపు కూడా విప్పి చూడండి. క్రాంక్ కొలవకుండా స్టాండర్డ్ షెల్స్ (బేరింగు రేకులు) వేస్తే, జర్నల్ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే చోటు) కోడిగుడ్డులా అరిగి ఉంటే అవి నిలవవు. 0.25 గ్రైండింగు చేయిస్తే 0.25 అండర్ సైజు షెల్స్ వేయాలి. షెల్ వెనక వైపు సైజు అచ్చు ఉంటుంది, డబ్బా మీది అంకె కాకుండా అదే చూడండి.

పాత సామాను కొట్టులో కార్బురేటర్ బాడీ, బ్రాకెట్లు, కవర్లు తెచ్చుకోవచ్చు. కొలిచి చూస్తే బ్లాకు కూడా. బేరింగులు, సీళ్లు, టైమింగ్ బెల్టు, టెన్షనర్ మాత్రం సీలున్న డబ్బాలో కొత్తవే కొనండి. బిల్లు మీద పార్టు నంబరు రాయించుకోండి, సైజు తప్పు వచ్చిందని వెనక్కి తీసుకెళ్తే కౌంటరు వాళ్లు మొదట అడిగేది అదే.