ముహూర్తాల రద్దీకి ముందు బ్యాండ్ సా దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు

మాఘమాసం దగ్గర పడేసరికి వడ్రంగి షాపుల్లో పని ఒక్కసారిగా మీద పడుతుంది. సింహద్వారం ఫలానా ముహూర్తానికే ఎత్తాలని ఇంటివారు పట్టుబడతారు, కలప ఆలస్యంగా దిగుతుంది, కరెంటు మధ్యమధ్య పోతుంది, చివరికి ఆ ఆలస్యమంతటినీ పూడ్చవలసిన భారం బ్యాండ్ సా (పైనొకటి, కిందొకటి ఉన్న రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే యంత్రం) ముందు నిలబడిన మనిషి మీద పడుతుంది. అందువల్ల రద్దీ మొదలు కాకముందే ఒక పూట కోత ఆపి, యంత్రాన్నీ, దాని చుట్టూ ఉన్న చోటునూ, దాని మీద పనిచేసేవారి అలవాట్లనూ సరిచూసుకోవడం మంచిది.

గుండ్రటి బ్లేడు ఉండే సర్క్యులర్ సా చెక్కను ఒక్కోసారి మనిషి మీదికి విసిరికొడుతుంది కనుక దాని దగ్గర ఎవరైనా భయంగానే ఉంటారు. బ్యాండ్ సా బ్లేడు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను బల్లకే అదుముతుంది కాబట్టి మామూలు కోతలో చెక్క వెనక్కి ఎగరదు, చప్పుడు కూడా అంతగా ఉండదు. ఈ నెమ్మదితనమే అసలు చిక్కు. భయం పోయిన చేయి రోజురోజుకూ బ్లేడుకు మరికాస్త దగ్గరగా జరుగుతుంది. నా దృష్టిలో ఈ యంత్రం దగ్గర ఎక్కువ కనిపెట్టుకుని ఉండవలసిన ఘడియలు మూడు: కోత ముగిసే చివరి అంగుళం, స్విచ్ ఆపాక చక్రాలు పూర్తిగా నిలిచే లోపు సమయం, బ్లేడు మార్చే సమయం. కోత మధ్యలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

తనిఖీ మెయిన్ స్విచ్ దించిన తరువాతే మొదలుపెట్టాలి. మన ఊళ్లలోని పాత పోత ఇనుప యంత్రాలలో చాలావాటికి పై చక్రం మూత, కింది చక్రం మూత ఎప్పుడో తీసి మూలన పడేసి ఉంటాయి. బ్లేడు మార్చిన ప్రతిసారీ విప్పి బిగించడం విసుగు కావడమే అందుకు కారణం. బ్లేడు తెగినప్పుడు దాన్ని లోపలే ఆపేది ఆ మూతలే కనుక, వాటిని వెతికి తెచ్చి కీలు వేసి తలుపులా తెరుచుకునేట్టు బిగించుకుంటే ఆ విసుగూ ఉండదు. మోటారు నుంచి చక్రానికి వెళ్లే బెల్టుకు కూడా జాలీ ఉండాలి. యంత్రాల కదిలే భాగాలకు రక్షణ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న షాపుకు ఏ చట్టం వర్తిస్తుందన్న చర్చ ఎలా ఉన్నా, బ్లేడుకు మాత్రం ఆ తేడా తెలియదు.

తరువాత బ్లేడును వెలుతురులో పెట్టి, చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. పగుళ్లు సాధారణంగా రెండు పళ్ల మధ్య లోయ అడుగున గానీ, బ్లేడు వీపు మీద గానీ, అతుకు దగ్గర గానీ వెంట్రుకంత గీతగా మొదలవుతాయి. వెంట్రుకంతే కదా అని ఆ బ్లేడుతో ఇంకో రోజు నెట్టుకురాకూడదు. యంత్రం ఆడుతున్నప్పుడు ఒకే లయలో టిక్, టిక్ మని చప్పుడు వస్తూ ఉంటే, పగులో సరిగా సాఫు చేయని అతుకో గైడు (బ్లేడు అటూ ఇటూ జరగకుండా ఆనించి ఉంచే భాగం) దగ్గర తగులుతున్నదని అనుమానించి వెంటనే ఆపాలి. బ్లేడు మందం విషయంలో ఒక పాత లెక్క ఉంది: చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకు మించకూడదు. 36 అంగుళాల చక్రానికి ఇది దాదాపు 0.9 మిల్లీమీటర్లు అవుతుంది. సామిల్లులో మిగిలిన దళసరి బ్లేడును తెచ్చి చిన్న యంత్రానికి ఎక్కిస్తే, అది చక్రం చుట్టూ వంగినప్పుడల్లా అలసి, త్వరలోనే పగులుతుంది.

బ్లేడు ఎక్కించాక బిగువు పెట్టి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బ్లేడు చక్రం మీద నిలకడగా నడిచే వరకు సర్దాలి. మోటారు వేసి సర్దే అలవాటు మానుకోవాలి. ఆ తరువాతే గైడ్ల సంగతి చూడాలి. పక్క గైడ్లకూ బ్లేడుకూ మధ్య కాగితం మందమంత సందు ఉండాలి, గైడ్ల ముందు అంచు పళ్ల లోయలకు కాస్త వెనకగా ఉండాలి, లేకపోతే పళ్ల వంపు చెడిపోతుంది. వెనక బేరింగు బ్లేడు వీపుకు దాదాపు ఆనుకున్నట్టు ఉండి, చెక్క తోసినప్పుడు మాత్రమే తిరగాలి. చెక్క లేకుండానే ఆ బేరింగు గిర్రున తిరుగుతూ ఉంటే బ్లేడు వీపు వేడెక్కి, గట్టిపడి, పగుళ్లు పట్టడం మొదలుపెడుతుంది.

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది పై గైడు ఎత్తు. గైడు, దానితోపాటు బ్లేడు కవచం, కోసే చెక్కకు పావు అంగుళం పైన ఉండాలి. పొద్దున్నే ఆరంగుళాల దూలం కోసి, ఆ తరువాత అంగుళం పలక కోయడానికి గైడు దించకుండానే మొదలుపెడితే, చెక్కకు పైన ఐదంగుళాల పళ్లు బయటికి కనిపిస్తూ పరుగెత్తుతాయి. అప్పుడు వేలు జారడానికి తావు ఉంటుంది, బ్లేడు మెలికపడి కోత కూడా వంకర పోతుంది. చెక్క మందం మారిన ప్రతిసారీ యంత్రం ఆపి గైడు దించడానికి అర నిమిషం కూడా పట్టదు, ఎంత రద్దీలోనైనా ఆ అర నిమిషానికి మినహాయింపు ఇవ్వకూడదు.

కరెంటు విషయంలో రెండు పరీక్షలు తప్పనిసరి. మొదటిది, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు యంత్రం దానంతట అది మొదలు కాకూడదు. మంచి స్టార్టరులో ఉండే కాయిల్, కరెంటు ఉన్నంతసేపే కాంటాక్టులను పట్టి ఉంచి, కరెంటు పోగానే వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. కాయిల్ కాలిపోయిందని మోటారును నేరుగా మెయిన్ స్విచ్‌కు కలిపేసిన షాపుల్లో పరిస్థితి వేరు. కరెంటు పోయిందని అరకోత చెక్కను చేతులతో వెనక్కి లాగుతున్న సమయంలో కరెంటు వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బల్ల మీద ఏమీ లేకుండా యంత్రాన్ని ఆడించి, మెయిన్ దించి, చక్రాలు ఆగాక మళ్లీ మెయిన్ ఎత్తి చూడాలి. యంత్రం కదిలితే స్టార్టరు మార్చే వరకు కోత పెట్టకూడదు. రెండవది, త్రీఫేజు లైనులో, ట్రాన్స్‌ఫార్మరులో లేదా షాపు బోర్డులో ఏ మరమ్మతు జరిగినా ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరగవచ్చు. అప్పుడు బ్లేడు కింది నుంచి పైకి నడుస్తూ చెక్కను బల్ల మీది నుంచి లేపుతుంది. మరమ్మతు తరువాత ముందుగా ఖాళీగా ఒక్క క్షణం తిప్పి, బ్లేడు కిందికే దిగుతున్నదని కంటితో చూసి తీరాలి.

ఒంటి మీద బట్టల గురించి ఎంత చెప్పినా భుజం మీది కండువా మాత్రం దిగదు. దాన్ని గుమ్మం దగ్గరే మేకుకు తగిలించి రావాలి, లుంగీకి బదులు ప్యాంటు వేసుకోవాలి, పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి పైకి మడవాలి, ఉంగరాలు, కడియాలు, మణికట్టు తాళ్లు తీసేయాలి. కోత సమయంలో చేతి తొడుగులు వేసుకోకూడదు, ఎందుకంటే బ్లేడు పళ్లు గుడ్డను పట్టుకుంటే దానితోపాటు చేతిని కూడా లాగేస్తాయి. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. దసరాకు ఆయుధపూజ చేసి యంత్రానికి వేసిన పూలదండను మరునాడు స్విచ్ వేయకముందే తీసేయాలని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎండిన దండ చక్రంలోకి జారితే బ్లేడు దారి తప్పుతుంది.

కోసే చెక్కను కూడా అనుమానించాలి. కూల్చిన పాత ఇళ్ల టేకు దూలాలు, ద్వారబంధాలు ఇప్పుడు మంచి ధర పలుకుతున్నాయి గానీ, వాటిలో తల విరిగి లోపల మిగిలిన మేకులు ఉంటాయి. రోడ్డు పక్క చెట్ల దుంగల్లో బోర్డులు కొట్టిన మేకులు, కట్టిన తీగలు బెరడు లోపలికి కలిసిపోయి ఉంటాయి. గట్టి అయస్కాంతాన్ని నాలుగు పక్కలా నడిపి, నల్లటి మరక ఉన్న ప్రతి చోటునూ ఉలితో తవ్వి చూడాలి, ఎందుకంటే ఇనుము తుప్పుపట్టిన చోట టేకు నల్లబడుతుంది.

ఇక కోత సంగతి. బ్లేడు వరసకు ఎదురుగా ఏ వేలూ ఉండకూడదు, రెండు చేతులూ ఆ వరసకు చెరో పక్కన ఉండాలి. చెక్కను తోసే బలం కోత మొత్తం ఒకేలా ఉండకూడదు. పళ్లు చెక్క చివరను చీల్చి బయటపడే క్షణంలో ఎదురు ఒక్కసారిగా మాయమవుతుంది, అంతవరకు బలంగా తోస్తున్న చేయి అదే ఊపులో ముందుకు దూకుతుంది. బొటనవేలు చెక్క వెనక అంచున, సరిగ్గా బ్లేడుకు ఎదురుగా ఉన్నదంటే అది నేరుగా పళ్ల మీదికే వెళుతుంది. అందుకే చివరి మూడు నాలుగు అంగుళాలు ఉండగానే చేతిని తీసి తోపుడు కర్ర పట్టుకోవాలి, అక్కడి నుంచి బలం తగ్గిస్తూ రావాలి. ఆ కర్ర ఎక్కడో గోడకు ఆనించి ఉంటే ఎవరూ వాడరు. దాన్ని బల్లకే, కుడిచేతికి అందేచోట కొక్కేనికి తగిలించాలి. తోయడానికి మామూలు కంటే ఎక్కువ బలం కావలసి వస్తున్నదంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. మొద్దు బ్లేడు పదునైన బ్లేడు కంటే ప్రమాదకరం.

గుండ్రటి కట్టెను చేత్తో పట్టుకుని అడ్డంగా కోయకూడదు. పళ్లు తగిలీ తగలగానే కట్టె తన చుట్టూ తాను తిరిగి, పట్టుకున్న వేళ్లను లోపలికి లాగుతుంది. బొమ్మలకు, మంచం కోళ్లకు కొమ్మలు ముక్కలు చేసేవారు వి ఆకారపు గాడి ఉన్న దిమ్మలో కట్టెను కూర్చోబెట్టి, దిమ్మతో కలిపి తోయాలి. అడుగు బోలుగా ఉన్న ముక్క కూడా ఇలాగే మోసం చేస్తుంది. వంపు కుర్చీకాళ్లు కోసేటప్పుడు ఒక పక్క కోసి తీసిన తునకను మళ్లీ అదే చోట టేపుతో అంటించి, ముక్క అడుగు చదునుగా బల్ల మీద కూర్చునేలా చేశాకనే రెండో పక్క కోయాలి.

వంపు కోతకు బ్లేడు వెడల్పు కుదరాలి. పావు అంగుళం బ్లేడు దాదాపు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసార్ధం వరకు తిరుగుతుంది, అర అంగుళం బ్లేడుకు రెండున్నర అంగుళాలు కావాలి. అంతకంటే ఇరుకు మలుపులో బలవంతంగా తిప్పితే బ్లేడు మెలికపడి తెగుతుంది. ముందే పక్క నుంచి చిన్న చిన్న గాట్లు పెట్టుకుంటే తునకలు రాలిపోతూ మలుపుకు దారి ఇస్తాయి. మధ్యలో ఇరుక్కుంటే, బ్లేడు ఆడుతుండగా చెక్కను వెనక్కి లాగకూడదు. అలా లాగితే బ్లేడు చక్రాల మీది నుంచి ఊడి ముందుకు వస్తుంది. యంత్రం ఆపి, చక్రాలు నిలిచాక, కోత సందులో చీల కొట్టి తీయాలి.

పొడుగు పలకలకు అవతల పక్క ఒక మనిషి ఉండాలి గానీ, అతని పని బరువు మోయడం మాత్రమే, లాగడం కాదు. అతను లాగితే ఇవతల తోసేవాడి చేయి ఊహించని వేగంతో బ్లేడు వైపు వెళుతుంది. యంత్రం చట్రం అడ్డం ఉండడం వల్ల ఇద్దరికీ ఒకరి చేతులు ఒకరికి కనబడవు కనుక, "ఆపు" అన్న ఒక్క మాట ఎవరి నోట వచ్చినా స్విచ్ దగ్గరివాడు ఎందుకని అడగకుండా ఆపాలని ముందే అనుకోవాలి. పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లను అవతల పక్క నిలబెట్టడం మన దగ్గర వాడుక. వారికి ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

స్విచ్ ఆపిన తరువాత బరువైన చక్రాలు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. చప్పుడు దాదాపు ఉండదు, వేగంగా నడిచే పళ్లు కంటికి ఆనవు, ఆగిపోయిందనుకుని తునకను చేత్తో తీయబోతారు. బ్రేకు లేని యంత్రమైతే పూర్తిగా నిలిచే వరకు బల్ల మీద చేయి పెట్టకూడదు, చెక్కతో బ్లేడును పక్క నుంచి అదిమి ఆపే అలవాటును ఎవరిలో చూసినా మాన్పించాలి. తునకలను, రంపపు పొట్టును బ్రష్‌తోనో కర్రతోనో తోయాలి. బ్లేడు తెగితే పక్కకు తప్పుకుని, స్విచ్ ఆపి, చక్రాలు నిలిచాకనే మూత తెరవాలి. విప్పిన బ్లేడును మడిచేటప్పుడు మాత్రం తోలు చేతి తొడుగులు వేసుకోవాలి. మడతలో ఉన్న బ్లేడు స్ప్రింగులా విచ్చుకుంటుంది కనుక, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని విప్పాలి.

కింది చక్రం గదిలో పేరుకున్న పొట్టును రోజూ సాయంత్రం తీయాలి, ఎందుకంటే అక్కడ బేరింగు వేడికో, మేకు రేపిన నిప్పురవ్వకో అది లోలోపల రగిలి, షాపు మూసి వెళ్లాక మంటగా లేస్తుంది. బీడీ షాపు బయటే కాల్చాలి. కొయ్య ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది కాబట్టి, ముక్కుకు కట్టే చేతిరుమాలు చాలదు, సరైన మాస్కే కావాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా వేలు తెగితే ఏం చేయాలో షాపులో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచి, 108కి ఫోన్ చేయాలి. పసుపు, కాఫీపొడి అద్దకూడదు. తెగిన ముక్కను వెతికి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్క నేరుగా ఐసుకు తగిలితే కణజాలం గడ్డకట్టి, తిరిగి అతికించడానికి పనికిరాకుండా పోతుంది. అతికించే శస్త్రచికిత్స అన్ని ఆసుపత్రులలో ఉండదు కనుక, దగ్గరలో అది ఎక్కడ చేస్తారో రద్దీకి ముందే కనుక్కుని, ఆ ఫోన్ నంబరును స్విచ్ బోర్డు పక్కన గోడ మీద రాసి పెట్టాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి, దారిలో గాయపడినవారికి టీ గానీ, నీళ్లు గానీ పట్టకూడదు.