సముద్రపు గాలికి పెచ్చులూడే పాత గోడను బాగుచేయడం ఎలా?

భీమిలి, కాకినాడ, బందరు వంటి ఊళ్లలో పాత ఇళ్ల గోడలకు ఒకటే జబ్బు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కుతుంది, పెచ్చులూడుతుంది, లోపలి ఇటుక పిండి పిండిగా రాలుతుంది. ఇంటివారు మేస్త్రిని పిలిపిస్తారు. ఆయన పాత పూత చెక్కేసి సిమెంటు పూస్తాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మ ఆ పూతను దాటి ఇంకో అడుగు పైన బయటపడుతుంది. ఈసారి టైల్స్ అంటిస్తారు. ఇక లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి కొన్నాళ్లు అందరికీ ప్రశాంతం!

ఇక్కడ చెప్పేదంతా సున్నంతో కట్టిన ఇటుక, రాతి గోడల గురించే. కాంక్రీటు స్తంభాల ఇళ్ల సంగతి వేరు. మీ గోడ ఏ రకమో తేల్చుకోవాలంటే రెండు ఇటుకల మధ్య అతుకును తాళంచెవితో గీరండి. తెల్లటి పొడి తేలిగ్గా రాలి, అందులో గుల్ల ముక్కలో ఎర్రటి ఇటుక పొడో కనిపిస్తే అది సున్నపు కట్టుబడే.

గోడను తినేది నీరు ఒక్కటే కాదు, దానితో వచ్చే ఉప్పు కూడా. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. తేమ తగ్గగానే మళ్లీ స్ఫటికంగా మారుతుంది. తీరంలో తేమ ఆ హద్దుకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, కొన్నిసార్లు ఒకే రోజులో. ఇటుక రంధ్రాల్లో స్ఫటికం పెరిగిన ప్రతిసారీ కొంత ఇటుక పగులుతుంది. పైపు ఎక్కడా కారకపోయినా గోడ చెమ్మగిల్లడానికి ఒక కారణం ఇదే.

అందువల్ల మరమ్మతుకు వాడే సరుకు గోడకన్నా మెత్తగా ఉండాలి, తేమను గోడకన్నా సులువుగా బయటికి వదలాలి. చెప్పు అరగాలి గాని పాదం అరగకూడదు కదా! సిమెంటు అతుకు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది గట్టిగా నిలబడి ఉప్పునీటిని పక్కనున్న మెత్తటి ఇటుకలోకి నెడుతుంది. చుట్టూ సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా ఉండి, మధ్యలో ఇటుకలు గుంటలు పడిన గోడలు మీరూ చూసే ఉంటారు.

1. ముందు గోడను పరిశీలించండి

పనికి మంచి కాలం తుపాన్ల ఉద్ధృతి తగ్గాక, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. పరిశీలన మాత్రం వానాకాలంలోనే జరగాలి. జోరువానలో గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరిగితే నీళ్లు ఎక్కడ కొడుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో తెలిసిపోతుంది. చెమ్మ ఎక్కిన ఎత్తును సుద్దముక్కతో గీసి తేదీ వేయండి. సుత్తి కర్రతో తట్టి చూస్తూ డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా గుర్తు పెట్టండి.

గోడ బయటికి ఉబ్బినా, మెట్లు మెట్లుగా పగులు పాకినా, దూలం కింద రాయి చీలినా అక్కడితో ఆగి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అది తాపీతో తీరే పని కాదు.

2. నీటి దారులు మూయండి

విసుగు పుట్టించే పనే కాని, ఇది చేయకుండా మిగతావి చేయడం డబ్బు దండగ. చూరు గొట్టాలు, ఏసీ నుంచి కారే నీళ్లు, స్నానాలగది పైపులు సరిచేయించండి. వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచడంతో చాలా ఇళ్ల పునాది మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. గోడను ఆనుకున్న మట్టిని ఇంటి లోపలి నేల మట్టానికన్నా కనీసం అరడుగు కిందికి దించండి. గోడకు ఆనించి పోసిన సిమెంటు గచ్చు ఉంటే గోడ పక్కన అడుగు వెడల్పున పగలగొట్టి, అక్కడ కంకర నింపి, నీరు బయటికి పోయేలా వాలు పెట్టండి. నేలలోని తేమకు ఆవిరయ్యే చోటు లేకపోతే అది గోడనే పట్టుకుని ఎక్కుతుంది.

3. పాత సిమెంటును తీయండి, తేలిగ్గా వచ్చినంత వరకే

సన్నని ఉలి, చిన్న సుత్తి చాలు. గ్రైండరు పెట్టనివ్వకండి, అది అతుకుతోపాటు ఇటుక అంచును కూడా కోసేస్తుంది. ఉలి దెబ్బకు సిమెంటుతోపాటు ఇటుక ముఖం ఊడి వస్తుంటే అక్కడ వదిలేయండి. కొన్నేళ్లకు అదే వదులవుతుంది. ఇసుక పిచికారీతో గోడ శుభ్రం చేస్తామనేవారిని గుమ్మం దగ్గరే ఆపండి. కాలిన ఇటుకకు పైపొరే రక్షణ, అది పోతే లోపలి మెత్తదనం ఉప్పుగాలికి ఎదురుగా నిలబడుతుంది.

4. ఉప్పును బయటికి లాగండి

గోడ మీద తెల్లగా చవుడు కనిపించగానే చాలామంది నీళ్లు కొట్టి కడుగుతారు. దాంతో ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడివాతావరణం ఉన్న రోజున కింద పట్టా పరిచి, కొబ్బరిపీచు బ్రష్షుతో పొడిగా దులిపి, రాలిన పొడిని ఇంటికి దూరంగా పారేయండి. ఇనుప బ్రష్షు వాడితే తుప్పు మరకలు మిగులుతాయి.

లోపలి ఉప్పుకు గుజ్జుపట్టు వేయాలి. అచ్చు లేని తెల్ల కాగితాన్నో, టిష్యూ కాగితాన్నో డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి గుజ్జు చేయండి. గోడను కాస్త తడిపి, గాలి చిక్కుకోకుండా గుజ్జును నొక్కుతూ ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన పట్టించండి. గుజ్జు ఆరుతున్న కొద్దీ గోడలోని ఉప్పునీరు అందులోకి చేరుతుంది. వారం నుంచి మూడు వారాల్లో అది అట్టలా ఎండి ఊడివస్తుంది. ఆ అట్టను మళ్లీ వాడకూడదు.

ఉప్పు ఎంత వచ్చిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. మంచినీళ్ల ఫిల్టరు బాగుచేసే మెకానిక్ తెచ్చే టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులను అంకెగా చూపే చిన్న పరికరం, ఒకటి కొనుక్కోండి. ఎండిన అట్ట నుంచి చెంచాడు ముక్కలను గ్లాసుడు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి అంకె రాసుకోండి. ప్రతిసారీ అదే కొలత. రెండో పట్టుకు, మూడో పట్టుకు అంకె బాగా పడిపోతుంటే పని సాగుతున్నట్టు. దిగకపోతే నీరు ఇంకా ఎక్కడి నుంచో వస్తోందన్నమాట, రెండో అంచెకు తిరిగి వెళ్లండి. ఉప్పు పూర్తిగా పోవడం జరగని పని, బాగా తగ్గితే చాలు.

5. సున్నం సిద్ధం చేసుకోండి

గుల్ల సున్నం దొరికితే మంచిది. పులికాట్ సరస్సులో పేరుకున్న గుల్లలు ఈ తీరంలో ఒకప్పుడు సున్నానికి పెద్ద ఆధారం. రాతి సున్నమైనా సరే, కాల్చి ఎక్కువ రోజులు కాని గడ్డలనే తీసుకోండి. గాలి తగిలి పొడి అయిపోయిన సున్నానికి పట్టు ఉండదు.

గడ్డలను ఇనుప డ్రమ్ములోని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్లు పోయకూడదు. నీళ్లు సలసల మరుగుతాయి, చిందుతాయి. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా మంచినీళ్లతో కనీసం పావుగంట కడుగుతూ, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. విరిసిన సున్నాన్ని వడపోసి, పైన నీళ్లు నిలిచేలా ఒక నెల ఉంచితే చక్కటి ముద్ద తయారవుతుంది.

ఇందులో ఒక వంతు ముద్దకు రెండు వంతుల ఇసుక, ఒక వంతు సుర్కీ కలపండి. సుర్కీ అంటే ఇటుక పొడి. ఒట్టి సున్నం తేమగాలిలో చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది, సుర్కీ దానికి ఊతమిస్తుంది. చవుడు పట్టిన పాత ఇటుకలను మాత్రం పొడి చేయకండి. గానుగలో తిప్పినా, చెక్కతో కొట్టి కలిపినా ముద్దలోని నీరే దాదాపు సరిపోతుంది. కలిపినది ఆ రోజే వాడేయాలి.

సముద్రపు ఇసుక వద్దని అందరికీ తెలుసు. తెలియనిది నీళ్ల సంగతి. తీరంలో చాలా బోర్లలో ఉప్పునీళ్లే పడతాయి. వాటితో సున్నం కలిపి, వాటితోనే గోడ తడిపితే నాలుగో అంచెలో తీసిన ఉప్పును మళ్లీ పోసినట్టే. మీరు తాగగలిగిన నీళ్లనే గోడకూ ఇవ్వండి. ఇసుక కూడా సముద్రపు పోటు చేరని నదీభాగం నుంచి వచ్చిందే కావాలి.

కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలా? మోతాదు తెలిసిన పెద్ద మేస్త్రి ఉంటే కలపనివ్వండి. లేకపోతే మంచి సున్నం, మంచి ఇసుక ఉన్నచోట వాటి లోటు తెలియదు.

6. అతుకులు నింపండి

అతుకు వెడల్పుకు రెండున్నర రెట్ల లోతు వరకు పాత సున్నం తీయాలి. సెంటీమీటరు వెడల్పు అతుకుకు రెండున్నర సెంటీమీటర్లు. దుమ్ము దులిపి, మంచినీళ్లు చిలకరించి, గోడ మీద తడి మెరుపు పోయాక సున్నాన్ని సన్నని తాపీతో లోపలి నుంచి పొరలుగా కూరండి. ఇటుక ముఖం మీదికి పాకనివ్వకండి. వేలితో నొక్కితే దిగకుండా గుర్తు మాత్రమే పడే దశలో గట్టి బ్రష్షు మొనతో పొడవండి. పైతొక్క చిట్లి అతుకు లోపలికి గాలి ఆడుతుంది.

తర్వాత గోనెపట్టాలు గోడకు జానెడు దూరంలో కట్టి, కనీసం వారం పది రోజులు వాటిని తడుపుతూ ఉండండి. సున్నం గట్టిపడటానికి గాలీ కావాలి, చెమ్మా కావాలి. ప్లాస్టిక్ కప్పితే గాలి అందదు, ఎండకు వదిలేస్తే పొడి అవుతుంది.

7. పాడైన ఇటుక, రాయి

ఇటుక బయటి ముఖం మాత్రమే పోతే జాగ్రత్తగా ఊడదీసి వెనక్కి తిప్పి పెట్టండి. కొత్తవి కొనేముందు ఒక ఇటుకను పళ్లెంలో అంగుళం డిస్టిల్డ్ వాటర్ పోసి నిలబెట్టండి. నీళ్లు పూర్తిగా ఇంకిపోయాక తెల్లపొర కనిపిస్తే ఆ బట్టీ ఇటుకలు వద్దు.

ఉత్తరాంధ్ర ఇళ్లలో తరచుగా కనిపించే ఖోండలైటు రాయి కోణార్క ఆలయంలోనూ ఉంది. ఉప్పుగాలికి పొరలుగా ఊడటం దీని స్వభావం. కొత్త రాయి పెట్టేటప్పుడు దాని సహజమైన పొరలు అడ్డంగా పడుకునేలా చూడండి, నిలువుగా పెడితే పుస్తకం పేజీల్లా విడిపోతుంది. రాళ్లను పట్టి ఉంచిన ఇనుప కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంటే తీయించి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించండి.

8. పైపూత

ప్లాస్టిక్ ఎమల్షన్, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండూ వద్దు. సున్నపు పూత, దాని మీద పలచగా నాలుగైదు సార్లు వెల్ల, అంతే. కింది మూడడుగుల పూతను తెలిసి తెలిసి బలి ఇచ్చేదిగా భావించండి. ఉప్పు ఇటుకకు బదులు దాన్ని తింటుంది, కొన్నేళ్లకోసారి గీరి కొత్తది వేస్తే సరి.

మేస్త్రితో బేరం చదరపు అడుగుల లెక్కన కాకుండా రోజుకూలి లెక్కన కుదుర్చుకోండి. అడుగుల లెక్కన ఒప్పుకున్నవారు తొందరపడతారు, తొందరలో సున్నంలో గుప్పెడు సిమెంటు పడుతుంది. పని మొదలయ్యేముందు ఇంటి వెనక ఒక గజం గోడ నమూనాగా చేయించి, రెండు వారాలు ఆగి చాకు మొనతో గీరి చూడండి. అతుకు రాలిపోకుండా గీత పడాలి, అదే చాకు ఇటుక మీద అంతకన్నా తక్కువ గీత వేయాలి. అలా ఉంటే మిగతా గోడ ఆయనకే అప్పగించండి.