మీ కాలనీలో మిద్దె తోటల సంఘం పెట్టుకోవాలంటే

మీ కాలనీలో నలుగురైదుగురు మిద్దె మీద కుండీలు పెట్టుకుని ఎవరి తంటాలు వారే పడుతున్నారా? అయితే సంఘం పెట్టేయండి. అధ్యక్షుడు, చందా, బ్యానర్ ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. మేము హన్మకొండలో ఐదు ఇళ్లతో మొదలుపెట్టినప్పుడు మూడు నెలల పాటు ఎవరో ఒకరింట్లో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం, నాలుగో నెలకు ఇద్దరే వచ్చారు. అప్పుడు పద్ధతి మార్చాం. నెలకో ఆదివారం ఒకరి మిద్దె, వచ్చినవాళ్లంతా అక్కడ పని చేయాలి, మట్టి మార్చడమో పందిరి కట్టడమో ఏదైనా సరే. ఒక్కరికి రెండు రోజులు పట్టే పని ఐదుగురికి రెండు గంటల్లో అయిపోతుంది, ఇంటికి పోయేటప్పుడు చేతిలో ఒక కొమ్మో నారో ఉంటుంది. అప్పటి నుంచి రావడం ఎవరూ మానలేదు.

మొదటి పని మట్టి. రోహిణి కార్తెలో, అంటే మే చివర్లో, పొద్దున్నే కలిపి పెట్టుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కుండీకి గుప్పెడు వేపపిండి. పెంట మాగకపోతే వేర్లు కాలిపోతాయి, వాసన చూస్తే తెలుస్తుంది, పేడ వాసన ఇంకా వస్తుంటే వాడకండి. అందరూ కలిసి ఒక ట్రాక్టర్ మట్టి తెప్పిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త, తడిసిన మట్టి చాలా బరువు, పెద్ద తొట్లు స్లాబు నడుమ కాకుండా గోడల మీదుగా, బీముల మీదుగా వచ్చేలా పెట్టించండి.

ఇక విత్తనాలు, సంఘానికి ప్రాణం ఇదే. జూన్ 8కి అటూ ఇటూ మృగశిర వస్తుంది, దానికి ముందు ఆదివారం విత్తనాలు పంచుకోవాలి. ఒక స్టీలు డబ్బా, లోపల కాగితం పొట్లాలు, ప్రతి పొట్లం మీద రకం పేరు, ఎవరిచ్చారు, ఏ నెలలో తీశారు రాయాలి. ఒక పొట్లం తీసుకున్నవాళ్లు పంట అయ్యాక రెండు పొట్లాలు తిరిగి ఇవ్వాలి, మా నియమం ఇదొక్కటే. హైబ్రిడ్ గింజలు డబ్బాలోకి రానివ్వకండి, వాటి కాయల్లోంచి తీసి వేస్తే మరుసటేడు అదే కాయ రాదు. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. వంకాయ పసుపు రంగుకు తిరిగాక గింజలు తీసి నీళ్లలో వేస్తే మంచివి అడుగుకు పోతాయి, తేలినవి పారేయండి. టమాట గింజలను గుజ్జుతోనే రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి.

పంచే ముందు మొలక పరీక్ష తప్పకుండా చేయండి. తడిగుడ్డలో పది గింజలు చుట్టి పెడితే బెండ, బబ్బెర మొలుస్తాయో లేదో వారంలోపే తెలిసిపోతుంది, మిర్చి, వంకాయకు పది రోజులైనా ఆగాలి. పదికి ఆరు కూడా మొలవకపోతే ఆ పొట్లం ఎవరికీ ఇవ్వకండి. ఒక ఏడు నేను పరీక్ష చేయకుండానే బీర గింజలు పంచాను, నాలుగు ఇళ్లలో ఒక్కటీ మొలవలేదు, వాళ్ల సీజనంతా పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా డబ్బాలో నాకు బాగా ఇష్టమైనది చపాట మిర్చి. మన వరంగల్ పంటే, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, లావుగా ఎర్రగా ఉండి కారం తక్కువ, పచ్చడికి మంచి రంగునిస్తుంది. విత్తనానికి ఉంచే మొక్కను మాత్రం వేరే మిర్చి మొక్కలకు దూరంగా పెట్టండి, పుప్పొడి కలిస్తే రకం చెడిపోతుంది.

వానాకాలంలో కలిసేది సాయంత్రమే పెట్టుకోండి. ఎందుకంటే బీర, ఆనిగెపు పూలు విచ్చేది పొద్దు వాలాకే. పై అంతస్తులకు పుప్పొడి మోసే పురుగులు తక్కువ వస్తాయి కాబట్టి పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంటాయి, చాలామంది అది తెగులనుకుని మందు కొడతారు. మగపువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దితే చాలు. కాకర, దోస, గుమ్మడికైతే ఇదే పని పొద్దున చేయాలి. ఒకసారి కళ్లముందు చేసి చూపిస్తే ఎవరూ మర్చిపోరు.

మొక్కలకు పోసే ద్రవ ఎరువు జీవామృతం కూడా కలిసే చేసుకోండి. అందరూ చెప్పే 200 లీటర్ల డ్రమ్ము ఎకరం పొలానికి, మిద్దెలకు అందులో పదో వంతు చాలు. 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి వేసి, నీడలో రెండు రోజులు పొద్దున సాయంత్రం కలపాలి. లీటరుకు పది లీటర్ల నీళ్లు కలిపి మొక్కలకు పోయండి, వారంలోపు వాడేయండి.

బతుకమ్మ పూల సంగతి ముందే చూసుకోవాలి. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నుంచి వెనక్కి 85, 90 రోజులు లెక్కపెట్టి బంతి నారు పోయండి, నెల నారును కుండీల్లోకి మార్చండి. ఆలస్యమైతే పండుగ అయ్యాక పూస్తాయి. గునుగు కూడా ఎండిన పువ్వు నుంచి గింజ రాల్చి వేసుకోవచ్చు. తంగేడును మాత్రం చెల్కల్లోనే ఉండనిద్దాం.

కోతుల బాధ మనవాళ్లకు కొత్త కాదు. వల రోల్ కలిసి కొని, పైపుల ఫ్రేము మీద అన్ని వైపులా కప్పి కట్టుకోవాలి, పైన మాత్రమే కప్పితే లాభం లేదు.

మే నెలలో పెళ్లిళ్లకు ఊళ్లకు పోతాం, అప్పుడే మొక్కలు చచ్చేది. నీళ్లకు వంతులు వేసుకోండి, నీడ వల కట్టి కుండీల్లో ఎండుటాకులు పరవండి, పొద్దున ఏడు లోపే నీళ్లు పట్టండి. పక్కింటివారికి తాళం చెవి ఇచ్చేటప్పుడు ఏ కుండీకి ఎన్ని మగ్గుల నీళ్లో చాక్‌పీసుతో కుండీ మీదే రాసి వెళ్లండి, ఫోన్లో చెబితే కరివేపాకుకు పోయాల్సినవి కలబందకు పోస్తారు.