ప్రాప్ కొనే ముందు ఆర్‌పీఎం చూడండి
బాస్ బోట్ (బాస్ చేపల వేటకు వాడే మోటారు బోటు) వేగం చాలట్లేదని వెంటనే కొత్త ప్రొపెల్లర్ (ప్రాప్) కొనకండి. చేపల వేటకు మోసుకెళ్లే బరువుతోనే ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ట్రిమ్ (మోటారు వంపు) సరిచేసి ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, చూడండి. మాన్యువల్‌లో 5,000–6,000 అని ఉంటే, మీది 4,800 దగ్గరే ఆగిపోతుంటే, ఇంజిన్ మీద భారం ఎక్కువవుతున్నట్టే. అలాగే నడిపితే పిస్టన్లు దెబ్బతినొచ్చు.

జాక్ ప్లేట్ (మోటారును పైకీ కిందికీ జరిపే అమరిక) ఉంటే ముందు మోటారును పావు అంగుళం చొప్పున పైకి లేపండి. కన్ను మాత్రం ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ఒత్తిడి చూపే వాటర్ ప్రెజర్ గేజ్ మీదే ఉండాలి. ముల్లు పడిపోయినా, మలుపులో ప్రాప్ నీటిపట్టు వదిలేసి ఇంజిన్ ఒక్కసారిగా గుర్రుమన్నా పావు అంగుళం దించేయండి. అప్పటికీ ఆర్‌పీఎం అందకపోతే పిచ్ (ఒక్క చుట్టుకు ప్రాప్ ముందుకు సాగే లెక్క దూరం) ఒక అంగుళం తక్కువున్న ప్రాప్ వేయండి, సుమారు 150–200 పెరుగుతుంది.

అన్నట్టు, 30 అమెరికన్ గ్యాలన్ల లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే నీటి తొట్టి) నిండితే ఆ నీటి బరువే దాదాపు 114 కిలోలు. చేపలు లేనప్పుడు ఖాళీ చేసి పరిగెత్తించండి.