వాలంటీర్లు నడిపే వెబ్‌సైట్‌ను చవకైన హోస్టింగ్‌కు మార్చడం ఎలా?

చవకైన హోస్టింగ్ వెతికే ముందు ఒక సంగతి తేల్చుకోండి: డొమైన్ (సైట్ వెబ్ చిరునామా) ఎవరి ఖాతాలో ఉంది? బ్యాకప్ ఉంటే సైట్‌ను ఎక్కడైనా మళ్లీ నిలబెట్టొచ్చు. డొమైన్ పాస్‌వర్డ్ ఎప్పుడో బృందం వదిలి వెళ్లినవారి దగ్గరే ఉండిపోతే మాత్రం పెద్ద చిక్కు. ముందు ఆ ఖాతాను బృందం చేతికి తెచ్చుకుని, వివరాలు కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. దానికి ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌ మీద నడిచేది కాకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగిపోతుంది.

ఇక ఎంపిక. మీ సైట్‌లో ఉన్నవి మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలే అయితే గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట ఉచితంగానే పెట్టొచ్చు. అక్కడ సైట్ 1 జీబీ దాటకూడదు. వర్డ్‌ప్రెస్ అయితే షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) సాధారణంగా సరిపోతుంది. మొదటి ఏడాది ఆఫర్ చూసి తీసుకోకండి, రెన్యువల్ ధర ఎంతో చూడండి. ఎస్‌ఎస్‌ఎల్‌కు (సైట్ https తో తెరుచుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్‌కు) విడిగా డబ్బు అడిగితే ఒప్పుకోనక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది.

తర్వాత ఫైళ్లు, డేటాబేస్ రెండూ మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. దించుకోగానే పని అయిపోయిందనుకోవద్దు. కొత్త సర్వర్‌లో ఎక్కించి, సైట్ లేస్తేనే అది బ్యాకప్. డొమైన్‌ను ఇంకా కదపకుండానే, మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ (hosts) ఫైల్‌లో డొమైన్ పేరుకు కొత్త సర్వర్ ఐపీ (సర్వర్ అంకెల చిరునామా) రాసుకుంటే కొత్త సైట్ మీ ఒక్కరికే కనిపిస్తుంది. పాత వ్యాసాలు తెరిచి చూడండి. తెలుగు అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వస్తుంటే డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌లో (అక్షరాలను భద్రపరిచే పద్ధతిలో) తేడా ఉన్నట్టే. ఎగుమతి, దిగుమతి రెండింట్లోనూ యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4) పెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఏళ్ల తరబడి ఎందరో తీరిక చేసుకుని రాసినవి అవి, ఈ పరీక్షకు ఒక పూట పోయినా ఫర్వాలేదు.

మార్పుకు ఒకటి రెండు రోజుల ముందు డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే రికార్డుల్లో) టీటీఎల్‌ను, అంటే పాత చిరునామాను ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువును, 300 సెకన్లకు తగ్గించండి. అప్పుడు కొత్త చిరునామా చాలామందికి నిమిషాల్లోనే అందుతుంది. మార్చే రోజున కొత్త పోస్టులు, కామెంట్లు ఆపించి, డేటాబేస్‌ను చివరిసారి కాపీ చేసి, సైట్ ఐపీ ఉండే ‘ఏ’ (A) రికార్డులో కొత్త ఐపీ పెట్టండి. ఐపీవీ6 చిరునామా ఉండే ఏఏఏఏ (AAAA) రికార్డు కూడా ఉంటే దాన్నీ మార్చాలి, లేకపోతే కొందరు పాత సర్వర్‌కే వెళ్తుంటారు. మెయిల్ వేరే చోట నడుస్తుంటే మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ (MX) రికార్డుల జోలికి పోవద్దు. పాత హోస్ట్‌లోనే ఉంటే, మెయిల్‌బాక్సులను వేరే చోటికి మార్చేదాకా ఆ ఖాతా మూయకండి. ఈ రికార్డులను ఉంచే నేమ్‌సర్వర్లే మార్చాల్సి వస్తే పాత రికార్డులన్నీ ముందే కొత్త చోట రాసిపెట్టుకోవాలి, మెయిల్ ధృవీకరణ లాంటివి ఉండే టీఎక్స్‌టీ (TXT) రికార్డులతో సహా. ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇక్కడే: సైట్ బాగానే కనిపిస్తుంది, మెయిల్స్ మాత్రం రావు.

పాత హోస్టింగ్‌ను ఇంకో రెండు వారాలు ఉంచండి. ఈలోగా సంప్రదింపు ఫారం నుంచి మెయిల్ వస్తోందో లేదో, ఆటోమేటిక్ బ్యాకప్ నడుస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే పాత ఖాతా రద్దు చేయండి. డొమైన్ కూడా ఆ కంపెనీ దగ్గరే ఉంటే హోస్టింగ్‌ను మాత్రమే రద్దు చేయాలి.