యూకేలో కొన్న కోటు ఐదు నెలలకే పాడైతే ఏం చేయాలి

నేను ఎనిమిదేళ్ళు లెస్టర్‌లో ఉండి గుంటూరు తిరిగి వచ్చాను కాబట్టి, బ్రాడీపేట చుట్టుపక్కల ఎవరి పిల్లలు యూకే వెళ్తున్నా "ఒకసారి ఆంటీతో మాట్లాడి రా" అని మా ఇంటికి పంపిస్తారు. సెప్టెంబర్ ఇన్‌టేక్ వాళ్ళు జూలై, ఆగస్టుల్లో వరసగా వస్తారు. కుక్కర్ తీసుకెళ్ళాలా, పచ్చళ్ళు ఎన్ని కేజీలు పెట్టుకోవచ్చు, రూమ్ ఎట్లా వెతుక్కోవాలి, అందరూ అడిగేవి ఇవే. బట్టల దగ్గరకొస్తే జాకెట్ ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని మాత్రం అడుగుతారు. అక్కడ కొన్నది నాలుగు నెలలకు కుట్లు విడిపోతే ఏం చేయాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుంటాం అనుకుంటారు. మన దగ్గర బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు" అని చదువుకుంటూ పెరిగిన వాళ్ళం, అట్లా అనుకోవడంలో తప్పేం లేదు. కానీ అక్కడ ఆ అలవాటు వల్ల డబ్బు పోగొట్టుకుంటారు, అది కూడా తెచ్చుకున్న ప్రతి పౌండునూ రూపాయల్లోకి మార్చి లెక్క చూసుకునే మొదటి ఏడాదిలో.

మొన్న చలికాలం మా వీధిలో ఒకావిడ ప్రహరీ గోడ దగ్గర నిలబడి చెప్పింది. వాళ్ళబ్బాయి అక్టోబర్‌లో జాకెట్ కొన్నాడట, ఫిబ్రవరిలో భుజం దగ్గర కుట్టు మొత్తం విడిపోయిందట. షాపుకి తీసుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి "28 రోజులు దాటాయి, సారీ" అంది, వీడు థాంక్యూ చెప్పి వచ్చేశాడు. నేను వెంటనే అబ్బాయికి ఫోన్ చేయించి మళ్ళీ వెళ్ళమన్నాను. ఎందుకో చెప్తాను, ఇది సరిగ్గా అర్థమైతే మిగతాదంతా తేలిక.

షాపు వాళ్ళు చెప్పే 28 రోజులో, 30 రోజులో వాళ్ళ సొంత రిటర్న్ పాలసీ. మీకు రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు, ఇంటికెళ్ళాక మనసు మారింది, అలాంటి వాటికోసం వాళ్ళు ఇష్టపడి పెట్టుకున్న గడువు అది. షాపులోనే కొన్న వస్తువు నచ్చలేదంటే వెనక్కి తీసుకోవాలని చట్టం వాళ్ళను ఏమీ బలవంతం చేయదు. బట్టలోనే లోపం ఉంటే మాత్రం ఆ పాలసీతో పని లేదు. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. అమ్మిన వస్తువు నాణ్యత సంతృప్తికరంగా ఉండాలి, ఏ పనికి కొన్నామో దానికి పనికిరావాలి, చెప్పినట్టు ఉండాలి, ఈ మూడూ ఆ చట్టంలో ఉన్నాయి. షాపు గోడ మీద ఏం రాసి పెట్టుకున్నా ఈ హక్కు పోదు. సేల్‌లో సగం ధరకు కొన్నా పోదు, అమ్మేటప్పుడే "ఇదిగో ఇక్కడ చిన్న చిరుగు ఉంది, అందుకే తగ్గించాం" అని చూపించి అమ్మిన ఆ ఒక్క లోపానికి తప్ప.

గడువులు ఎట్లా నడుస్తాయంటే, మొదటి 30 రోజుల్లో లోపం బయటపడితే వస్తువు వెనక్కిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ 30 రోజులు దాటాక షాపుకి ఒక్క అవకాశం ఇవ్వాలి, రిపేర్ చేసి ఇవ్వాలి లేదా మార్చి ఇవ్వాలి. రెండిట్లో ఏది కావాలో మీరు అడగొచ్చు, మీరు అడిగింది అసాధ్యమైతేనో, రెండోదానితో పోలిస్తే ఖర్చు మరీ ఎక్కువైతేనో తప్ప వాళ్ళు కాదనకూడదు. దానికయ్యే ఖర్చు, పోస్టేజ్‌తో సహా, వాళ్ళదే. ఆ ఒక్కసారి చేసిన రిపేర్ నిలవకపోయినా, మార్చి ఇచ్చినది కూడా పాడైనా, అప్పుడు డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా వస్తువు ఉంచుకుని ధరలో కొంత తగ్గించమనొచ్చు.

ఇందులో మన పిల్లలకు చాలా పనికొచ్చేది ఆరు నెలల లెక్క. కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది కొన్ననాటి నుంచే ఉందని చట్టం అనుకుంటుంది. కాదు, మీరే పాడు చేశారు అని నిరూపించాల్సిన భారం షాపుది. మా వీధి అబ్బాయి కొన్నది అక్టోబర్, పాడైంది ఫిబ్రవరి. అంటే వాడు కౌంటర్ దగ్గర అడగాల్సిన మాట "ప్లీజ్ రిటర్న్ తీసుకోండి" అని కాదు. "ఇట్స్ నాట్ ఎ చేంజ్ ఆఫ్ మైండ్ రిటర్న్, ఇట్స్ ఫాల్టీ, అండర్ ద కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ఐ వుడ్ లైక్ ఎ రిపేర్ ఆర్ రీప్లేస్‌మెంట్". ఇది కాగితం మీద రాసుకుని నాలుగుసార్లు చదువుకుని వెళ్ళినా ఫర్వాలేదు, నేనూ మొదటిసారి అట్లాగే వెళ్ళాను.

నా కోటు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ రెండో వారంలో 95 పౌండ్లు పెట్టి కొన్నాను, మన డబ్బుల్లో తొమ్మిది వేలకు పైనే. మార్చి మూడో వారంలో జిప్ రన్నర్ ఒకవైపు పళ్ళు పట్టుకోవడం మానేసింది, లోపల లైనింగ్ కూడా చంక దగ్గర పిగిలింది. షాపులో ఒకాయన బిల్లు ఉందా అన్నాడు. ఉంది, కానీ ఆ కాగితం మీద అక్షరాలు అప్పటికే మాసిపోయి తెల్లగా అయిపోయింది. అక్కడి బిల్లులు వేడికి అచ్చయ్యే రకం, పర్సులో పెట్టుకుంటే కొన్ని నెలల్లో ఏమీ కనపడదు. నేను ఫోన్‌లో బ్యాంక్ స్టేట్‌మెంట్ తెరిచి ఆ తారీఖున ఆ షాపుకి వెళ్ళిన 95 పౌండ్లు చూపించాను. లోపం ఉన్న వస్తువుకి బిల్లే కావాలని రూల్ లేదు, ఆ షాపులోనే కొన్నట్టు ఏదో ఒక రుజువు ఉంటే చాలు. అయినా ఆయన "కంపెనీకి రాసుకోండి, తయారుచేసింది వాళ్ళు" అన్నాడు. ఈ మాట మీకూ తప్పకుండా ఎదురవుతుంది. డబ్బు తీసుకున్నది షాపు, మనకు బాధ్యత పడేది ఆ షాపే, కుట్టిన కంపెనీతో తేల్చుకోవడం వాళ్ళ పని. ఇది నెమ్మదిగా చెప్పి మేనేజర్‌తో మాట్లాడతానన్నాను. ఆవిడ వచ్చి కోటు రిపేర్‌కి పంపింది, మూడు వారాలకు వచ్చింది, ఇంకో పది రోజులకు అదే జిప్ మళ్ళీ పోయింది. ఈసారి మాట పెరగకుండానే 95 పౌండ్లు నా కార్డులోకి వెనక్కి వేశారు.

గిఫ్ట్ కార్డు ఇస్తాం, వోచర్ ఇస్తాం అంటే లోపం ఉన్న వస్తువుకి మీరు ఒప్పుకోనక్కర్లేదు. రీఫండ్ ఇస్తామని ఒప్పుకున్నాక, ఎట్లా కట్టారో అట్లాగే, 14 రోజుల్లోపు ఇవ్వాలి. ఆరు నెలల్లోపే వస్తువు వెనక్కిచ్చి రీఫండ్ అడిగే దాకా వస్తే "ఇన్నాళ్ళు తొడుక్కున్నారు కదా" అని డబ్బు కోయకూడదు. ఆరు నెలలు దాటిన తర్వాత వాడుకున్నందుకు కొంత తగ్గించుకోవచ్చు.

ఆరు నెలలు దాటితే హక్కు పోయినట్టు కాదు, ఇది చాలామంది పాత సీనియర్లకు కూడా తెలియదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆరేళ్ళ దాకా, స్కాట్లండ్‌లో ఐదేళ్ళ దాకా కోర్టుకి వెళ్ళే వీలుంటుంది. దానర్థం ప్రతి బట్టా ఆరేళ్ళు మన్నాలని కాదు. ఐదు పౌండ్ల టీషర్టు ఏడాదికి వెలిసిపోతే ఎవరూ ఏమీ చేయలేరు, 150 పౌండ్ల వర్షపు జాకెట్ రెండో చలికాలానికే నీళ్ళు లోపలికి వదులుతుంటే అడగడంలో న్యాయం ఉంది. కాకపోతే అప్పుడు లోపం మొదటినుంచీ ఉందని చూపించాల్సింది మీరు. బట్టలు బాగుచేసే టైలర్ చేత, బూట్లయితే చెప్పులు కుట్టే షాపు అతని చేత "కుట్టులో లోపం వల్ల పోయింది, వాడకం వల్ల కాదు" అని రెండు లైన్లు రాయించుకుంటే పని జరుగుతుంది.

మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. జిప్ పోగానే రూమ్‌లో ఎవరో ఒకరు సూదీ దారం తీస్తారు, లేదా డిసెంబర్ సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పదిలంగా మడిచి తెచ్చి ఇక్కడ టైలర్ దగ్గర కొత్త జిప్ వేయించుకుంటారు. పని బ్రహ్మాండంగా చేస్తారు మనవాళ్ళు, నేను కాదనను. కానీ ఒకసారి వేరే చెయ్యి పడితే అసలు లోపం ఏమిటో చూపించడానికి ఏమీ మిగలదు, షాపు వాళ్ళు మీరే కదిలించారు అంటారు. ముందు ఫోటోలు తీయండి, దగ్గరనుంచి ఒకటి, మొత్తం కనపడేలా ఒకటి. లోపలి వాష్ కేర్ లేబుల్ ఫోటో కూడా. 30 డిగ్రీల్లో ఉతకమని రాసి ఉన్నదాన్ని 60లో ఉతికినా, డ్రయర్‌లో వేయొద్దన్నదాన్ని వేసినా, వాళ్ళ చేతికి మీరే సాకు ఇచ్చినట్టు. అక్కడ మన డాబా మీద ఎండ ఉండదు, అందరూ తడి స్వెట్టర్లు రేడియేటర్ మీద ఆరేస్తారు, కొన్ని రకాల బట్టలు దానికి బిగుసుకుపోతాయి. లోపం కనపడ్డాక దాన్ని వాడటం ఆపేసి వారంలోపే అడగండి. చలి తగ్గాక చూద్దాంలే అంటే ఆ ఆరు నెలలు కాస్తా దాటిపోతాయి.

ఇంకొకటి. కొత్తగా వెళ్ళిన పిల్లలకు అక్కడి బ్యాంక్ ఖాతా తెరిచేదాకా సీనియర్ అక్కో అన్నయ్యో తన కార్డుతో ఆన్‌లైన్‌లో జాకెట్ తెప్పించి పెడతారు. ఈ హక్కులు కొన్నవాళ్ళవి, తొడుక్కున్నవాళ్ళవి కావు. పాడైతే ఆ అక్క చేతే మెయిల్ పెట్టించాలి, డబ్బు కూడా ఆవిడ కార్డుకే వస్తుంది. మొహమాటపడి ఆవిడకు చెప్పకుండా మానేయకండి.

ఆన్‌లైన్‌లో కొంటే అదనంగా ఇంకో సౌకర్యం ఉంది, లోపం లేకపోయినా చేతికొచ్చిన 14 రోజుల్లోపు వద్దని చెప్పొచ్చు, చెప్పాక పంపడానికి ఇంకో 14 రోజులు. కానీ యాప్‌లలో మామూలు మనుషులు అమ్మే సెకండ్‌హ్యాండ్ బట్టలకు ఇవేవీ వర్తించవు, చెప్పినట్టు ఉందా లేదా అన్నంతవరకే అడగగలరు.

షాపు ససేమిరా అంటే నోటిమాట ఆపి రాతలోకి దిగండి. కొన్న తారీఖు, ధర, లోపం ఎప్పుడు కనపడింది, ఏం కావాలి, ఫోటోలు, 14 రోజుల్లో జవాబివ్వమని ఒక మాట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, ఆ మెయిల్‌లో కోపం మాట ఒక్కటి కూడా వద్దు, కౌంటర్‌లో ఉన్న పిల్ల కూడా మీలాగే గంటకింతని పనిచేసే స్టూడెంట్ అయి ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో సిటిజన్స్ అడ్వైస్ అని జనానికి సలహాలిచ్చే సంస్థ వాళ్ళ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 0808 223 1133 ఉంది, ఉచితం, మీ ఇంగ్లిష్ తడబడినా ఓపిగ్గా వింటారు. 100 పౌండ్లు దాటిన వస్తువు క్రెడిట్ కార్డుతో కొంటే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లో సెక్షన్ 75 కింద కార్డు బ్యాంకు కూడా షాపుతో సమానంగా బాధ్యత పడుతుంది. డెబిట్ కార్డయితే చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు షాపు నుంచి వెనక్కి రప్పించమని మీ బ్యాంకుని అడగొచ్చు, మామూలుగా 120 రోజుల్లోపు. చివరిది చిన్న మొత్తాల కేసులు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు, ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల వరకు. ఒక కోటు కోసం అక్కడిదాకా వెళ్ళిన వాళ్ళు నాకైతే తెలియదు, వెళ్తామని మర్యాదగా రాస్తే చాలాసార్లు దారికొస్తారు. కేసు వేస్తే వీసాకి ఏమన్నా అవుతుందా అని పిల్లలు భయంగా అడుగుతారు. ఇది కొన్న వస్తువు గురించి అడిగే మామూలు హక్కు, వీసాకి దీనికీ సంబంధం లేదు, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

మా వీధి అబ్బాయి రెండోసారి వెళ్ళి మేనేజర్‌ని అడిగాడు. అదే మోడల్ స్టాక్‌లో లేకపోతే డబ్బే ఇచ్చేశారట.

ఇక ఇక్కడ విజయవాడ బీసెంట్ రోడ్‌లోనో మన గుంటూరులోనో కొని పట్టుకెళ్ళే థర్మల్స్, జాకెట్లకు అక్కడి చట్టం రాదు. వాటికి మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. బిల్లు మీద గడువు లేకపోతే, లోపం ఉన్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం అందులో అనుచిత వ్యాపార పద్ధతి. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ళ గడువు ఉంది. అందుకని వెళ్ళే ముందు రోజు కాకుండా నెల ముందే కొని, ఇక్కడే రెండుమూడు సార్లు తొడిగి జిప్ పైకీ కిందకీ లాగి చూసుకోండి. బిల్లు ఫోటో ఫోన్‌లో పెట్టుకుని, అసలుది అమ్మ దగ్గర ఉంచి వెళ్ళండి.